పాత పెట్టెలో పురుగు పడితే ముందు ఏ పురుగో చూడండి, మందు సంగతి తర్వాత

మీ ప్రశ్న చదివాను. కాకినాడలో అమ్మమ్మగారి ఇల్లు ఖాళీ చేస్తూ ఒక చెక్కపెట్టె, ఒక ట్రంకుపెట్టె హైదరాబాదులో మీ ఫ్లాటుకు తెచ్చుకున్నారు. ఆవిడ పెళ్లినాటి పట్టుచీరకు చిల్లులు పడ్డాయి. తాతగారి పుస్తకాల్లో సన్నటి సొరంగాలున్నాయి. కొండపల్లి బొమ్మల కింద పిండిలాంటి పొడి రాలుతోంది. వాటితోపాటు ఒక తాళపత్రాల కట్ట కూడా ఉంది. పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిచి అన్నిటి మీదా స్ప్రే కొట్టించాలా, లేక కలరా ఉండలు వేసి మూసేయాలా అని అడిగారు. ప్రస్తుతానికి ఆ రెండూ చేయకండి.

నేను మ్యూజియంలో వస్తువుల సంరక్షణ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పురుగు తిని పాడైన వస్తువులతోపాటు, పురుగు పోవాలని కొట్టిన మందు వల్ల పాడైనవి కూడా మా బల్ల మీదకు చాలానే వచ్చేవి. పురుగు చీరకు ఒక మూల చిల్లు పెడుతుంది. స్ప్రేలో ఉండే నూనె, ద్రావకం చీరంతా మరక చేస్తాయి, రంగును లాగేస్తాయి. చిల్లును రఫూ చేయించవచ్చు, ఆ మరకను తీయలేం. మందు గోడ మూలలకు, నేల అంచులకు, తలుపు సందులకు పరిమితం కావాలి. మీ అమ్మమ్మగారి చీర మీద, తాతగారి పుస్తకం మీద ఒక్క చుక్క కూడా పడకూడదు.

టెన్షన్ పడకండి. చిల్లు కనిపించినంత మాత్రాన పురుగు ఇంకా లోపల ఉన్నట్టు కాదు. ఇరవై ఏళ్ల కిందట తిని పోయిన గుర్తు కూడా అయి ఉండవచ్చు. అది తేలేవరకు చేయాల్సిన పని వేటికవి విడదీయడం. చీరలు ఒక కవర్లో, పుస్తకాలు ఒక దాంట్లో, బొమ్మలు ఒక దాంట్లో వేసి, గాలి చొరకుండా టేపు అంటించి, మీద తేదీ రాయండి. కవర్లు లోపలున్నది కనబడేటట్టు పారదర్శకంగా ఉండాలి. మీ బీరువాలో మాత్రం పెట్టకండి, వేరే గదిలో ఉంచండి. ఒక్కటి గుర్తుంచుకోండి. పాత ఇళ్లలో పెట్టెల అడుగున డీడీటీ, గమాక్సిన్ పొడి చల్లడం మామూలు. అడుగున ఏదైనా తెల్లటి పొడి కనబడితే అది పురుగు రాల్చిన నుసో, ఆ కాలపు మందో మీకు తెలియదు. చేతికి తొడుగు, ముక్కుకు మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వద్దు. చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకండి, తడిగుడ్డతో ఎత్తండి.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

పట్టుచీరను తెల్లటి పాత దుప్పటి మీద పరిచి, పగటి వెలుగులో మడతలు ఒక్కొక్కటీ విప్పండి. ముందు చూడాల్సింది చిల్లు ఎక్కడ ఉందని. చీర సరిగ్గా మడత గీత వెంట చీలి ఉంటే అది పురుగు పని కాదు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు అక్కడ పెళుసెక్కి విరుగుతుంది, జరీ దగ్గర ఇంకా తొందరగా తెగుతుంది. దానికి ఏ మందూ లేదు. మడతలు మారుస్తూ ఉండటమే దారి. చిల్లులు అక్కడొకటి ఇక్కడొకటిగా, అంచులు కొరికినట్టు వంకరటింకరగా ఉంటే పురుగే. అప్పుడు చిల్లు చుట్టుపక్కల వేలితో తడమకుండా భూతద్దంతో చూడండి. ఇసుక రేణువంత గింజలు కనబడతాయి. మెరూన్ చీర తిన్న పురుగు రెట్ట మెరూన్ రంగులోనే ఉంటుంది, ఆకుపచ్చ అంచు తిన్నది ఆకుపచ్చగా. పురుగు ఎక్కడ కూర్చుని తిన్నదో ఆ రంగే చెప్పేస్తుంది.

ఆ గింజలతోపాటు గోధుమ రంగులో, సన్నటి నూగుతో, లోపల ఏమీ లేని పొట్టులాంటివి దొరికితే అవి కార్పెట్ బీటిల్ పిల్లపురుగు విడిచిన కుబుసాలు. మ్యూజియంలలో మేము ఎక్కువగా భయపడేది ఈ పురుగుకే. పట్టు, ఉన్ని, ఈకలు, తోలు, చచ్చిన పురుగులు, ఏదైనా తింటుంది. తినేది పిల్లపురుగే. ఎదిగిన పురుగు రెండు మూడు మిల్లీమీటర్లుంటుంది. గుండ్రంగా, మచ్చమచ్చలుగా ఉండి, వెలుతురు కోసం కిటికీ దగ్గరకు చేరుతుంది, పూల పుప్పొడి తిని బతుకుతుంది. అందుకే ఇంట్లో దాని జాడ మొదట తెలిసేది బీరువాలో కాదు, కిటికీ గట్టు మీద. వారానికోసారి కిటికీ గట్టు చూసుకుంటే చాలు, ఏ పరికరమూ అక్కర్లేదు.

హైదరాబాదు ఫ్లాట్లలో ఇది ఎక్కడి నుంచి వస్తుందో చాలామందికి తట్టదు. ఏసీ బయటి యూనిట్ వెనక, బాత్రూమ్ వెంటిలేటర్లో పావురాలు గూడు పెడతాయి చూడండి, ఆ గూట్లోని ఈకలు, చచ్చిన పిల్లలు దీనికి పుట్టిల్లు. ట్యూబులైటు డిప్పలో ఎండిపోయిన పురుగులు, బీరువా వెనక చచ్చిన బల్లి కూడా అంతే. చీర మీద ఎంత శ్రద్ధ పెట్టినా వెంటిలేటర్లో గూడు అలాగే ఉంటే ఏడాది తిరక్కుండా మళ్లీ వస్తుంది. గుడ్లు, పిల్లలు లేని సమయం చూసి గూడు తీయించి, వల కట్టించండి.

బట్టల చిమ్మట వేరు. ఎదిగినది గోధుమ, బంగారు వన్నెల మధ్య రంగులో ఉండే చిన్న రెక్కల పురుగు. దీపం దగ్గరకు రాదు, చీకటి మూలల్లోకి పరుగెడుతుంది. దాని పిల్లపురుగుకు ఉన్ని అంటే ప్రాణం, అందుకని పెట్టెలో పాత కాశ్మీరు శాలువా గానీ, ఉన్ని స్వెటర్ గానీ ఉంటే ముందు దాన్ని చూడండి. ఇక గోడల మీద గుమ్మడి గింజ ఆకారంలో, బూడిద రంగులో, రెండు కొసలా తెరుచుకుని ఉండే గూళ్లు పాకుతూ కనిపిస్తాయి కదా, వాటి లోపల ఉండేది కూడా చిమ్మట జాతి పిల్లపురుగే. సాలెగూళ్లు, రాలిన వెంట్రుకలు తిని బతుకుతుంది, ఉన్ని దొరికితే వదలదు. గోడకు కనబడిన ప్రతిదాన్నీ తీసి పారేయండి. నూలు చీరలను ఈ పురుగులు మామూలుగా ముట్టవు. కానీ కూర మరక పడ్డ చోట, గంజి పెట్టిన చోట ఎవరో ఒకరు వచ్చి కొరుకుతారు. అందుకే ఉతక్కుండా, గంజి వదిలించకుండా ఏ బట్టనూ ఎక్కువ కాలానికి దాచకూడదు.

చీరలో పురుగు బతికే ఉందని తేలితే మందు కన్నా చలి మేలు. చీరను శుభ్రమైన, గంజి లేని తెల్లటి నూలుగుడ్డలో వదులుగా చుట్టి, దళసరి పాలిథీన్ కవర్లో పెట్టి, గాలి పిండేసి, టేపుతో మూసి డీప్ ఫ్రీజర్లో పెట్టండి. మైనస్ 18 డిగ్రీలు చేరే ఇంటి ఫ్రీజర్ అయితే రెండు వారాలు, మధ్యలో కరెంటు పోయి ఫ్రీజర్ కరిగితే లెక్క మళ్లీ మొదటి నుంచి. ఫ్రిజ్ పైన ఉండే చిన్న ఐస్ అరలో పెడితే లాభం లేదు, అక్కడ అంత చలి ఉండదు. బయటికి తీశాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. కవర్ విప్పకుండా పూర్తి రోజు గదిలో ఉంచండి. చల్లటి వస్తువు మీద గాలిలోని తేమ నీరై చేరుతుంది, ఆ నీరు కవర్ మీద పడాలి గానీ పట్టు మీద కాదు. తొందరపడి విప్పితే జరీ నల్లబడటానికి మీరే దారి చేసినట్టు. ఈ పద్ధతి చీరలకు, శాలువాలకు, పుస్తకాలకు పనికొస్తుంది. రంగులు వేసిన బొమ్మలకు, వీణ, తంబూర లాంటి వాద్యాలకు, తైలవర్ణ చిత్రాలకు, గాజు ఫొటోలకు వద్దు. చెక్క, జిగురు, రంగు చలికి ఒక్కో రకంగా ముడుచుకుని పెచ్చులూడతాయి.

ఎండలో వేస్తే పోదా అంటారు. పెద్దవాళ్లు వాన వెలిశాక చీరలు ఎండకు వేసేవారు, అందులో తెలివి ఉంది. ఆ గాలికి తేమ ఆరేది, దులపడంలో గుడ్లు రాలేవి, మడత మారేది. అయితే పాత పట్టుకు నేరు ఎండ విషంతో సమానం, రంగు వెలిసిపోతుంది, పోగు పెళుసెక్కుతుంది. నీడపట్టున, గాలి ఆడేచోట ఒక పూట పరిచి, మెత్తటి బ్రష్‌తో కుట్ల వెంట దులిపి, కొత్త మడతల్లో పెట్టండి. ఫలితం అదే.

పుస్తకాల దగ్గర రెండు పురుగులను కలిపేస్తుంటారు. పేజీ తిప్పగానే వెండిలా మెరుస్తూ సర్రున పరుగెత్తేది సిల్వర్‌ఫిష్. అది చిల్లు పెట్టదు, గీకుతుంది. కాగితం ఒకచోట పలచబడి వెలుగు అవతలికి కనబడుతుంటే, అట్ట మీద మచ్చలు లేచినట్టుంటే, బైండింగ్ వీపు దగ్గర మైదా జిగురు మాయమైతే దాని పనే. ఆల్బమ్‌లో పాత నలుపు తెలుపు ఫొటోలనూ గీకుతుంది, వాటి మీది పూతలో జెలటిన్ ఉంటుంది కాబట్టి. దీనికి కావాల్సింది తేమ. సముద్రపు గాలి తగిలే కాకినాడ ఇంట్లో మూసి ఉన్న పెట్టె దానికి స్వర్గం, హైదరాబాదు వేసవిలో దానంతటదే తగ్గుతుంది. కానీ పుస్తకాల అరను బాత్రూమ్ గోడకు ఆనించారంటే హైదరాబాదులోనూ కాకినాడ తయారవుతుంది. గాలిలో తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొని అరలో పెట్టండి. తేమ 60 శాతం లోపు ఉంటే ఈ పురుగుకూ, బూజుకూ ఎదగడం కష్టం. బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు తీసి బీరువాలో పడేస్తే ఏమీ జరగదు, వాటి శక్తి ఆ డబ్బా వరకే.

మీరు చెప్పిన సొరంగాలు మాత్రం సిల్వర్‌ఫిష్‌వి కావు. అట్ట నుంచి మొదలై పదుల పేజీలను ఒకే గుండ్రటి రంధ్రంతో తొలుచుకుపోయిందంటే అది చిన్న గోధుమ రంగు బీటిల్ పిల్లపురుగు. ఈ జాతివి మూడు నాలుగున్నాయి. అందులో సిగరెట్ బీటిల్ అనేదాన్ని మీరు వంటింట్లో చూసే ఉంటారు. పాత కారం పొడిలో, ధనియాల్లో, పసుపు కొమ్ముల్లో తేలే, మెడ కిందకు వంచుకున్నట్టుండే గోధుమ రంగు పురుగు అదే. పొగాకు నిల్వలకు కూడా బద్ధశత్రువు, గుంటూరు వైపు పొగాకు వ్యాపారులకు బాగా తెలుసు. కారం డబ్బాలో పెరిగినది ఎగిరి వచ్చి పుస్తకం జిగురులో కాపురం పెడుతుంది.

ఇక్కడ మన ఇళ్ల సంగతి ఒకటి చెప్పాలి. పట్టుచీర మడతలో పసుపు కొమ్ము పెడతాం. పెళ్లినాటి అక్షింతలు కొంగున మూటగట్టి అలాగే దాస్తాం. ఒడిబియ్యం, తాంబూలంలో వచ్చిన వక్కలు, ఎండు కొబ్బరి చిప్ప బీరువాలోనే ఉండిపోతాయి. శుభమని పెట్టినవే, ఆ భావాన్ని నేను కాదనను. కానీ పురుగుకు అవి ఆహారం. పసుపు పురుగును రానివ్వదని అందరూ నమ్ముతారు, పసుపు కొమ్మునే తొలిచే పురుగు ఉన్నాక ఆ నమ్మకంతో లక్షల చీర మధ్య కొమ్ము పెట్టడం ప్రమాదం. వేపాకు సంగతీ ఇంచుమించు అంతే. పెట్టిన మొదట్లో ఆ ఘాటుకు కొంత ఉపయోగం ఉంటుంది. ఏడాది తర్వాత అది పొడిపొడిగా రాలే ఎండుటాకు మాత్రమే, దాన్ని తినే పురుగులూ ఉన్నాయి. పెట్టదలిస్తే బాగా ఎండిన ఆకును గుడ్డ సంచిలో కట్టి, బట్టకు తగలకుండా పెట్టి, రెండు మూడు నెలలకోసారి మార్చండి. అక్షింతలను చిన్న గాజు సీసాలో గట్టి మూతపెట్టి పూజగదిలో ఉంచుకోండి. మీ పెట్టెలో ఇలాంటి మూటలేవైనా ఉన్నాయేమో చూడండి, సొరంగాల మూలం అక్కడే దొరకవచ్చు.

కలరా ఉండల గురించి అడిగారు కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంట్లో పసిపిల్లలుంటే అసలు వాడొద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు, ఆ వాసన పట్టిన బట్టలు తొడిగితేనే ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై కామెర్లు ముదిరిన సందర్భాలు వైద్యులకు తెలుసు. లోపం ఉన్నట్టు పైకి తెలియదు కూడా. వస్తువుల వైపు నుంచి చూసినా, ఆ ఉండ ఆవిరై తిరిగి చల్లటి చోట పలుకులుగా పేరుకుంటుంది, ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. పురుగు చావాలంటే గాలి చొరని పెట్టెలో ఆవిరి దట్టంగా నిండాలి. రోజూ తెరిచి మూసే బీరువాలో ఆ స్థాయి రాదు, వాసన మాత్రం మన ఊపిరితిత్తులకు చేరుతుంది.

ఇక కొండపల్లి బొమ్మలు. తెల్ల పొణికి చెక్క తేలికగా, మెత్తగా ఉంటుంది. చేతులు, తలపాగా, ఏనుగు అంబారీ లాంటి విడిభాగాలను అతికేది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో. పురుగుకు చెక్కా ఆహారమే, మక్కూ ఆహారమే. చింతగింజల అంబలి వాడే చేర్యాల నకాషీ బొమ్మలకు, మాస్కులకు కూడా ఇదే బెడద. కింద రాలే పొడి టాల్కమ్ పౌడర్‌లా మెత్తగా ఉందంటే పౌడర్‌పోస్ట్ బీటిల్ అనే పుచ్చు పురుగు అనుకోవచ్చు. కనబడే చిల్లు అది లోపలికి వెళ్లిన దారి కాదు, తిని ఎదిగి బయటికి వచ్చిన దారి. అందుకని చిల్లుల్లో మందు పోస్తే వెళ్లిపోయిన దానికి పోసినట్టే. ముందు లోపల ఇంకా ఉన్నాయో లేదో తేల్చుకోండి. బొమ్మను దులిపి, ఇప్పుడున్న చిల్లులన్నిటికీ దగ్గరగా ఫొటో తీసి, నల్ల చార్టు కాగితం మీద నిలబెట్టి కదపకుండా ఉంచండి. నెల తర్వాత కాగితం మీద కొత్తగా తెల్లటి పొడి కుప్ప కనబడితే, ఫొటోలో లేని చిల్లు వస్తే పురుగు పని సాగుతున్నట్టు. కదిపితే పాత పొడి కూడా రాలుతుంది, దాన్ని చూసి కంగారుపడకండి. వానాకాలంలో, వేసవి మొదట్లో మళ్లీ ఒకసారి ఇలాగే చూడండి.

పురుగు ఉందని తేలిన బొమ్మకు నేను చెప్పేది ఆక్సిజన్ లేకుండా చేయడం. మ్యూజియంలలో నైట్రోజన్ నింపి చేస్తాం, ఇంట్లో ఆహార పదార్థాల ప్యాకింగ్‌లో వాడే ఆక్సిజన్ అబ్జార్బర్ పొట్లాలతో చేసుకోవచ్చు. మామూలు పాలిథీన్ కవర్ పనికిరాదు, దాని గుండా గాలి మెల్లగా చొరబడుతుంది. అల్యూమినియం పొర ఉన్న, వేడితో అతికే మందపాటి పౌచ్ కావాలి. లెక్క తేలికే. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం, అంటే లీటరు గాలికి 210 మిల్లీలీటర్లు. పౌచ్‌లో 10 లీటర్ల గాలి ఉంటే 2,100 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను పీల్చాలి. దానికి రెట్టింపు లెక్కన 1,000 మిల్లీలీటర్ల పొట్లాలు ఐదు వేయండి. పొట్లాలు పనిచేసేటప్పుడు వేడెక్కుతాయి, బొమ్మకు తగలకుండా మధ్యలో అట్టముక్క పెట్టండి. రంగు మారే ఆక్సిజన్ ఇండికేటర్ బిళ్ల ఒకటి లోపల, పౌచ్‌కు పారదర్శకమైన కిటికీ ఉంటే కనబడేచోట ఉంచండి. గులాబీ రంగులో నిలిస్తే ఆక్సిజన్ పోయినట్టు. మన వాతావరణంలో నాలుగు వారాలు ఉంచితే గుడ్డుతో సహా పోతుంది. ఈ పద్ధతిలో బొమ్మ మీద ఏ మందూ మిగలదు, రంగుకు చెమ్మ తగలదు. మీ పిల్లలు దసరాకో సంక్రాంతికో కొలువులో వాటిని చేత్తో పట్టుకున్నా భయం లేదు. కొలువు ఎత్తేసేటప్పుడు న్యూస్‌పేపర్లో కాకుండా ఉతికిన మెత్తటి పాత పంచె ముక్కలో చుట్టండి.

చెదలైతే కథ వేరు, కానీ క్లుప్తంగానే చెబుతాను. చెక్కపెట్టె కాళ్లకు, అడుగుకు మట్టి గొట్టాల్లాంటి దారులు అంటి ఉన్నాయేమో చూడండి. నేలలోని పుట్ట నుంచి వచ్చేవి గనక, పెట్టెతోపాటు ఊరు మారిన చెదలు సాధారణంగా కొత్త ఇంట్లో బతికి బట్టకట్టవు. కానీ పెట్టె తెచ్చిన చోట కొత్త దారి కనబడితే దాన్ని ఒకచోట కొంచెం చిదిమి వదలండి. ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పూడ్చుకుంటే పుట్ట బతికే ఉంది. అప్పుడు మాత్రం పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవండి, గోడ అడుగున రంధ్రాలు పెట్టి మందు దింపించండి. వస్తువులన్నీ ఆ గది నుంచి తీసేశాకే ఆ పని జరగాలి. చేవ ఉన్న టేకును చెదలు అంత తేలికగా తినవు, అంచున ఉండే చేవలేని తెల్ల చెక్కను మాత్రం తినేస్తాయి. పెట్టెను గోడకు నాలుగు వేళ్ల ఎడంగా, చిన్న పీట మీద పెట్టండి.

తాళపత్రాల కట్ట దగ్గర మాత్రం మీ చేతులు కట్టేసుకోండి. నిమ్మగడ్డి నూనె పూస్తే పురుగు పోతుందని మీకు చెప్పేవాళ్లుంటారు. ఆ నూనె వాడకం నిజమే, తంజావూరు సరస్వతీ మహల్ లాంటి చోట్ల వస, లవంగం, మిరియం, దాల్చినచెక్క, కర్పూరం కలిపిన పొడి సంచుల్లో పెట్టడం కూడా ఉంది. కానీ గంటంతో గీసిన అక్షరాల్లో నింపిన మసి మీద, రంగు బొమ్మలున్న ఆకుల మీద తెలియని చేయి నూనె రాస్తే అక్షరం చెరుగుతుంది, ఒకదానికొకటి అంటుకున్న ఆకులను లాగితే విరుగుతాయి. కట్ట విప్పకుండా, పైనున్న దుమ్మును మాత్రం మెత్తటి బ్రష్‌తో తీసి, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి పొడిగా ఉండేచోట ఉంచండి. పైన కింద చెక్కపలకలుంటే వాటిని అలాగే ఉంచి తాడు గట్టిగా బిగించండి. వదులుగా ఉంటే ఆకులు వంగుతాయి, సందుల్లోకి పురుగు దూరుతుంది.

తర్వాత ఉస్మానియా క్యాంపస్‌లోని ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీకి వెళ్లి అడగండి. కాకినాడ వెళ్లే పని ఉంటే ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియంలో, తిరుపతి వైపైతే ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధనా సంస్థలో చూపించండి. తాళపత్రాలతో రోజూ పనిచేసేవాళ్లు అక్కడ ఉంటారు. వెళ్లేటప్పుడు కట్టను తీసుకెళ్లకుండా ముందు ఫొటోలు తీసుకెళ్లండి. కట్ట మొత్తం ఒకటి, అంచుల్లో పురుగు తిన్నచోట దగ్గరగా ఒకటి, పక్కన స్కేలు పెట్టి పొడవు, వెడల్పు తెలిసేలా ఇంకొకటి. విప్పడం, శుభ్రం చేయడం, ఫొటోస్టాటో డిజిటలో ప్రతి తీయించడం వాళ్ల సలహా ప్రకారం చేయించండి. ఆ గ్రంథం ఏమిటో తెలియకపోతే కట్టలో ఏ ఆకు ముందు, ఏది వెనక అన్నది కూడా వాళ్లే చూడాలి, వరుస తప్పితే మళ్లీ కూర్చడం చాలా కష్టం.